నావే నివాసం: కాకినాడ రేవు, గోదావరి మొగల పడవ కాపురాల చరిత్ర

గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడ రేవుకు దక్షిణంగా అల్లుకుపోయిన ఉప్పుటేళ్ళలో, పడవనే ఇల్లుగా చేసుకొని ఏడాదిలో ఎక్కువ నెలలు నీటి మీదనే కాపురం చేస్తూ వచ్చిన మత్స్యకార కుటుంబాలు తెలుగు సాంఘిక చరిత్రలో చాలా అరుదుగా కనిపిస్తాయి. రేవుల చరిత్ర రాసినవారు ఓడలను, ఎగుమతులను, కంపెనీల కోఠీలను లెక్కపెట్టారు; డెల్టా చరిత్ర రాసినవారు ఆనకట్టను, కాలువలను, మాగాణిని లెక్కపెట్టారు; ఈ రెంటికీ నడుమ, గట్టి నేల అని చెప్పలేని, సముద్రమనీ పూర్తిగా అనలేని చోట బతికినవారు ఏ లెక్కలోనూ సరిగా ఇమడలేదు. ఈ కాపురాలు నీటి మీది మోజు వల్ల పుట్టినవి కావు. ఆటుపోట్ల వేళలకు కట్టుబడిన వేట, ఇంటిల్లిపాదీ చేస్తే తప్ప గిట్టని పని, భూమి మీద హక్కు లేకపోవడం అనే మూడు కారణాలు కలిసి పడవను ఇల్లుగా మార్చాయి. ఆ ఇంటిని ఇల్లుగా గుర్తించని పాలనా పద్ధతి దానిలో నివసించేవారి పేదరికాన్ని స్థిరపరచింది.

అఖాతం, మొగలు, మడ

ఈ ప్రాంతపు స్వరూపం కొంత వివరించవలసి ఉంటుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. వాటిలో తూర్పు పాయ అయిన గౌతమి యానాం దాటి సముద్రాన్ని చేరేలోగా కోరంగి, గాడేరు అనే చిన్న పాయలను ఉత్తరంగా కాకినాడ అఖాతంలోకి పంపుతుంది. నది గాని, ఏరు గాని సముద్రంలోకి తెరుచుకునే చోటును ఇక్కడివారు మొగ అంటారు. గాడిమొగ, ఏటిమొగ వంటి పేర్లలో ఆ మాటే నిలిచి ఉంది. నది తెచ్చిన ఇసుక మేట వేయగా ఏర్పడిన దిబ్బను తిప్ప అనీ, నదీపాయల నడుమ సాగుకు వచ్చిన భూమిని లంక అనీ, పోటు నీరు పారి ఉప్పుదేలిన చదును నేలను పర్ర అనీ వ్యవహరిస్తారు.

కాకినాడ అఖాతానికి తూర్పు గోడగా నిలిచిన హోప్ ఐలాండ్ కూడా అటువంటి ఇసుక మేటే. సుమారు రెండు శతాబ్దాల కాలంలో గోదావరి ఒండ్రుతో పెరిగి, దాదాపు పదహారు కిలోమీటర్ల పొడవున సాగిన ఈ ఇసుక నాలుక బంగాళాఖాతపు అలలను అడ్డుకొని లోపలి నీటిని నెమ్మదిగా ఉంచుతుంది. అదే సమయంలో పూడికను బయటికి పోనీయక అఖాతాన్ని నానాటికీ లోతు తక్కువ చేస్తుంది. రేవుకు రక్షణ ఇచ్చినదీ, పెద్ద ఓడలను దూరంగా ఆపినదీ ఈ ఒక్క తిప్పే. అడుగు చదునుగా ఉండి, మూరెడు నీటిలోనూ తేలగలిగే పడవలకు ఇక్కడ శతాబ్దాల తరబడి చోటు దొరకడానికి కారణం ఈ లోతు లేమిలోనే ఉంది.

ఈ ఉప్పుటేళ్ళ ఒడ్డునంతా మడ అడవి వ్యాపించి ఉంటుంది. ఉప్పునీటిలో, బురదలో వేళ్ళూని పెరిగే ఈ చెట్లలో తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల ముఖ్యమైనవి. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వస్తాయి. పోటు అంటే సముద్రపు నీరు ఏరులోకి ఎక్కడం, పాటు అంటే అది వెనుదిరగడం. అమావాస్యకు, పున్నమికి పోటు బలంగా ఉంటుంది. అష్టమి, నవమి తిథుల చుట్టూ బలహీనపడుతుంది. రొయ్య, పీత, చేప ఈ రాకపోకలతోనే కదులుతాయి గనుక ఇక్కడ వేటాడేవాని దినచర్యను సూర్యుడు కాక చంద్రుడు నిర్ణయిస్తాడు. అర్ధరాత్రి పాటు మొదలైతే అర్ధరాత్రే వల దగ్గర ఉండాలి. ఊరిలో పడుకొని వేళకు వచ్చి చేరడం సాధ్యం కాదు. పడవలో నివాసానికి మొదటి కారణం ఇక్కడే దొరుకుతుంది.

కోరంగి నుంచి కాకినాడకు

ఈ నీటి ప్రాంతానికి చరిత్రలో మొదట పేరు తెచ్చినది కోరంగి. పద్దెనిమిదో శతాబ్దంలో ఆంగ్లేయుల ఇంజరం కోఠీకి, ఫ్రెంచివారి యానానికి, డచ్చివారి జగన్నాథపురానికి నడుమ ఉన్న ఈ రేవు ఓడల నిర్మాణానికి, మరమ్మతుకు తూర్పు తీరమంతటా ప్రసిద్ధి పొందింది. పందొమ్మిదో శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఇక్కడ ఓడలను ఎక్కించి బాగుచేసే డాకు కూడా ఏర్పడింది. బర్మాకు వలస వెళ్ళిన తెలుగు కూలీలను రంగూన్‌లో కోరంగీలని పిలవడం ఈ రేవు పేరు వల్లనే; కోరంగి రేవు క్షీణించిన తరువాత కాకినాడ నుంచి ఓడ ఎక్కినవారికి కూడా ఆ పేరే కొనసాగింది.

సముద్రమే కోరంగిని దెబ్బతీసింది. 1787 మే నెలలో, 1789 డిసెంబరులో, 1839 నవంబరులో వచ్చిన తుపానులు ఉప్పెనతో ఊరిని ముంచాయి. ఉప్పెన అంటే తుపాను గాలి సముద్రపు నీటిని గోడలా లేపి తీరం మీదికి తోయడం. 1840ల్లో కలకత్తాలో తుపానులను అధ్యయనం చేసి సైక్లోన్ అనే ఆంగ్ల పదాన్ని రూపొందించిన హెన్రీ పిడింగ్టన్ పరిశీలనకు తెచ్చుకున్న ఉదాహరణలలో కోరంగి ఉప్పెన ఒకటి. 1839 నాటి ఉప్పెనలో మూడు లక్షల మంది చనిపోయారనీ, ఇరవై వేల పడవలు నాశనమయ్యాయనీ ప్రపంచవ్యాప్తంగా పుస్తకాలలో ఒక లెక్క తిరుగుతూ ఉంది. నాటి కోరంగి పరిమాణాన్ని బట్టి దానిని అక్షరాలా నమ్మడం కష్టం. అంకెల మాట ఎలా ఉన్నా, ఇంత నాశనం తరువాత తిరిగి నీటి మీదికే వెళ్ళిన జనం ఒకరు ఉన్నారనేది గమనించదగిన విషయం. నష్టపోయిన వర్తకుడు తన పెట్టుబడిని కాకినాడకు మార్చుకున్నాడు. వలకు, పడవకు తప్ప మరొకదానికి అలవాటు లేని కుటుంబం అవే ఉప్పుటేళ్ళలో ఉండిపోయింది.

పూడిక పెరిగి కోరంగి ముఖద్వారం మూసుకుపోతున్న కొద్దీ వర్తకం కాకినాడకు తరలింది. జగన్నాథపురం 1825లో డచ్చివారి నుంచి ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తికి గిరాకీ పెరిగినప్పుడు ఈ రేవు బాగా పుంజుకుంది. అయినా కాకినాడ చాలాకాలం లంగరు రేవుగానే ఉంది. అంటే పెద్ద ఓడ ఒడ్డుకు రాలేక కొన్ని కిలోమీటర్ల దూరంలో లంగరు వేస్తే, సరుకును నావలు, బార్జీలు మోసేవి. ఈ పనిలో ఉన్న సరంగులు, కళాసులు ఓడ నిండేవరకు పడవ మీదనే వండుకొని, పడవ మీదనే పడుకొనేవారు. సరంగు పడవను నడిపే పెద్ద, కళాసి అతని చేతికింది నావికుడు. వారి నివాసం పని ఉన్నన్ని రోజులది, మగవారిది మాత్రమే. కుటుంబం ఒడ్డున ఉండేది. మొగల్లోని మత్స్యకార కాపురానికీ దీనికీ మధ్య ఉన్న ముఖ్యమైన భేదం ఇదే.

కాలువల మీది గూడుపడవలు

మరొక రకపు తేలే ఇల్లు కాలువల వల్ల వచ్చింది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి బయలుదేరిన కాలువలు పొలాలకు నీరివ్వడంతో పాటు పడవల ప్రయాణానికి కూడా అనువుగా తవ్వబడ్డాయి. ఎత్తుపల్లాలు ఉన్నచోట పడవలను ఎక్కించి దించడానికి లాకులు, అంటే తలుపులతో నీటిమట్టాన్ని మార్చే గదులు, కట్టారు. కాకినాడ నుంచి బయలుదేరిన పడవ గోదావరి కాలువల మీదుగా ఏలూరు కాలువ ద్వారా కృష్ణకు, అక్కడినుంచి కొమ్మమూరు కాలువ ద్వారా పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువకు, దాని వెంట మద్రాసుకు చేరగలిగేది. ధాన్యం, ఉప్పు, బెల్లం, కలప, సున్నం ఈ దారినే సాగాయి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గెడలతో పొడిచేవారు, అదీ చాలకపోతే గట్టు మీద నడుస్తూ తాటితో లాగేవారు.

ఈ కాలువల మీద గూడుపడవ, అంటే పైన కప్పు, లోపల గది ఉన్న పడవ, అధికారానికి గుర్తుగా తిరిగింది. నీటిపారుదల ఇంజనీర్లు, రెవెన్యూ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు ఇటువంటి పడవలలోనే బస చేసేవారు. 1874లో కాకినాడ కేంద్రంగా పని మొదలుపెట్టిన కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు, రాజమండ్రి కేంద్రంగా ఉన్న లూథరన్ మిషనరీలు డెల్టా గ్రామాలలో నెలల తరబడి తిరగడానికి ఇల్లు, మందుల గది, బడి అన్నీ పడవలోనే అమర్చుకున్నారు. రోడ్లు సరిగా లేని డెల్టాలో అది సౌకర్యవంతమైన ఏర్పాటు. అయితే ఆ పడవలో నివసించిన అధికారికి వేరే చోట బంగళా ఉంది, మిషనరీకి మిషను ఆవరణ ఉంది. పడవ వారికి బస మాత్రమే. మద్రాసు నుంచి ఉత్తరానికి రైలు మార్గం 1890ల్లో పూర్తయి, 1900లో రాజమండ్రి వద్ద హేవలాక్ వంతెన మీదుగా రైళ్ళు నడవడం మొదలైన తరువాత దూరప్రయాణపు పడవలు తగ్గాయి. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో బస్సులు, లారీలు వచ్చాక కాలువల మీద సరుకు పడవలు కూడా క్రమంగా అంతరించాయి. మిగిలినవి మొగల్లోని కాపురాలే.

షూ దోనె

ఈ కాపురాలకు ఆధారమైన పడవను మత్స్యశాఖ వారు, బయటి పరిశోధకులు షూ దోనె అని రాశారు. పలకలతో కట్టిన, అడుగు చదునుగా ఉన్న ఈ పడవ పైనుంచి చూస్తే ఒక వైపు మూసి మరొక వైపు తెరిచిన చెప్పు ఆకారంలో కనిపించడం ఆ పేరుకు కారణం. స్థానికులకు అది దోనె, లేదా నావ. ఉప్పాడ వైపు సముద్రపు అలలను దాటి వెళ్ళే తెప్పలకు, పెద్ద నావలకు దీనికి పోలిక లేదు. తెప్ప దుంగలను కలిపి కట్టినది. అలలో మునిగి తేలుతుంది, దాని మీద పొడిగా ఉండే చోటు ఉండదు. దోనె అలలకు పనికిరాదు. నెమ్మదైన నీటిలో, పాటు వేళ బురద మీద ఆనినా ఒరగకుండా నిలుస్తుంది. ఇల్లుగా ఉపయోగపడడానికి కావలసిన మొదటి లక్షణం ఆ నిలకడే.

దోనె ముందుభాగం వల వేయడానికి, తీయడానికి, గెడ వేయడానికి ఖాళీగా ఉంచుతారు. నడుమ భాగం మీద వెదురు బద్దలను వంచి తాటాకు చాపలు, తరువాతి కాలంలో టార్పాలిన్ కప్పి గూడు కడతారు. మనిషి కూర్చోవడానికి, పడుకోవడానికి సరిపోయే ఎత్తే తప్ప నిలబడే ఎత్తు దానికి ఉండదు. వెనుక భాగంలో మట్టి పరిచి పొయ్యి పెడతారు. పలకల కింద నీరు ఊరే అడుగును ఎప్పటికప్పుడు తోడిపోయడం ఇంటి పనులలో ఒకటి. ఇంట్లో అత్యంత విలువైన వస్తువు మంచినీటి కుండ. తరువాత దాని స్థానంలో ప్లాస్టిక్ డ్రమ్ము వచ్చింది. చుట్టూ నీరే ఉన్నా తాగడానికి పనికివచ్చేది లేదు గనుక ఊరి నుంచో, నది ఎగువ నుంచో నీరు తెచ్చుకోవాలి. వేటకు పోదగిన దూరాన్ని చాలావరకు ఆ నీటి నిల్వే నిర్ణయించేది.

తారు, గుగ్గిలం వంటివి పూసి పలకల సందులు మూసే పని, పురుగు పట్టిన పలకను మార్చే పని ఏటా ఉంటాయి. ఉప్పునీటిలో చెక్కను తొలిచే పురుగు దోనెకు పెద్ద శత్రువు. పడవను ఒడ్డుకు లాగి అడుగున మంట చూపి కాల్చడం దానికి పాతకాలపు మందు. ఇంటికి సున్నం వేయడం ఎలాగో, దోనెకు ఈ మరమ్మతు అలాగ. చేయకపోతే ఇల్లూ పోతుంది, పనిముట్టూ పోతుంది.

కాపురపు ఏర్పాటు

ఈ బతుకు గడిపినవారిలో అత్యధికులు అగ్నికులక్షత్రియులు, అంటే తీరాంధ్రలో పల్లెకారులని కూడా పిలవబడిన మత్స్యకార కులంవారు. భైరవపాలెం, దాని చుట్టూ ఉన్న మొగ పల్లెలు వీరికి పుట్టినిళ్ళు. వీరు పూర్తిగా ఊరు లేనివారు కారు. ఊరిలో పాక ఉంటుంది, ముసలివారు ఉంటారు, గ్రామదేవత జాతర ఉంటుంది. కాని భార్యాభర్తలు, చిన్నపిల్లలు వేట కాలమంతా దోనెలోనే ఉంటారు. శ్రావణ, భాద్రపదాలలో ఎర్రనీరు, అంటే గోదావరి వరద తెచ్చే మట్టి నీరు, ఏళ్ళలోకి ఎక్కి ఉప్పును కడిగేసినప్పుడు వేట తగ్గుతుంది. అప్పుడు పడవలు ఊళ్ళకు చేరి మరమ్మతులు, పెళ్ళిళ్ళు జరుగుతాయి. వరద తీసి ఉప్పు తిరిగి ఎక్కినప్పుడు ఏళ్ళు మళ్ళీ నిండుతాయి.

వేట సాధనాలు చిన్నవి. ఒక మనిషి విసిరే విసురు వల, ఏటికి అడ్డంగా కర్రలు పాతి పాటు వేళ నీటితో వచ్చే రొయ్యలను పట్టే కట్టుడు వలలు, పీతల కోసం ఎర కట్టిన తాళ్ళు, గేలాలు వీటిలో ముఖ్యమైనవి. పండుగప్ప, మాగ, కత్తిపరగ వంటి చేపలు, రొయ్యలు, మడపీత వీరి సరుకు. పెద్ద నావ మీద సముద్రపు వేటకు నలుగురైదుగురు మనుషులు కావాలి. వచ్చిన రాబడిలో పడవకు ఒక పాలు, వలకు ఒక పాలు, మనుషులకు తలా ఒక పాలు తీస్తారు. దోనె మీద భర్త వల వేస్తే భార్య గెడ పట్టి పడవను నిలుపుతుంది, ఎనిమిదేళ్ళ బిడ్డ పీతలకు తాళ్ళు కడుతుంది. పాలు బయటికి పోదు. చిన్న రాబడిని నాలుగు ఇళ్ళకు పంచితే ఎవరికీ మిగలని చోట, ఒక ఇంటికే ఉంచుకొనే ఉపాయం ఇది. పడవ మీద ఇల్లు కట్టడానికి రెండవ కారణం ఈ ఆర్థిక లెక్కే. సముద్రపు వేటలో స్త్రీ పడవ ఎక్కకపోవడం తూర్పు తీరమంతటా ఆచారంగా ఉండగా, మొగల్లో ఆమె చేయి లేనిదే పడవ కదలదు. అయినప్పటికీ పత్రాలలో, సహకార సంఘాల సభ్యత్వంలో చాలాకాలం మత్స్యకారుడంటే మగవాడే.

సరుకును కొనేవాడు ఊరి వ్యాపారి, లేదా అతడు పంపే పడవ. వల కొనడానికి, దోనె చేయించడానికి, పెళ్ళికి, జబ్బుకి అతడే ముందుగా అప్పు ఇస్తాడు. దానికి బదులుగా సరుకంతా అతనికే, అతడు కట్టిన ధరకే వేయాలి. రోజువారీ బియ్యం, కిరోసిన్, ఉప్పు, పప్పు కూడా అతని ద్వారానే వస్తాయి గనుక పడవ కాపురానికి బజారు, బ్యాంకు, కబురు మూడూ ఒక్క మనిషే. ఒడ్డున ఉన్న మత్స్యకారునికి ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారుల ధర విని బేరమాడే వీలుంటుంది. ఏటి నడుమ ఉన్నవానికి ఆ వీలు లేదు, పట్టిన పీత చావకముందే అమ్మాలి.

నేల మీద హక్కు

మూడవ కారణం భూమి. మొగల చుట్టూ ఉన్న పర్రలు, తిప్పలు, మడ అడవి ప్రభుత్వానివి. వాటిలో కొంత భాగం అటవీశాఖ కింద, కొంత రెవెన్యూ శాఖ కింద ఉంటుంది. తిప్ప పుట్టి, పెరిగి, తెగి, కొట్టుకుపోతుంది; ఇరవై ఏళ్ళ కిందట పాకలు ఉన్న చోట ఇప్పుడు నీరు ఉండవచ్చు. అటువంటి నేలకు పట్టా దొరకదు, దొరికినా నిలవదు. డెల్టాలోని గట్టి నేల కాలువ నీరు వచ్చిన తరువాత రైతులదైంది. దానిలో మత్స్యకారునికి ఇంటి స్థలం కూడా కష్టమే. ఈ స్థితిలో దోనె ఒక్కటే అతడు నిజంగా సొంతమని చెప్పుకోగల ఆస్తి. ఒడ్డున ఒక పాక కోసం, ఏటిలో ఒక పడవ కోసం విడివిడిగా డబ్బు పెట్టలేనివాడు రెంటినీ ఒక్కటిగా చేశాడు.

ఇరవయ్యో శతాబ్దపు చివరి మార్పులు

1978లో కోరంగి మడ అడవి వన్యప్రాణి అభయారణ్యమైంది. సుమారు 235 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం అటవీశాఖ రక్షణలోకి వచ్చింది. దీనివల్ల మడ నరకడం తగ్గి అడవి కొంత తేరుకుంది. అయితే దోనె పొయ్యిలోకి పుల్లలు, వలలకు కర్రలు ఆ అడవి నుంచే రావలసిన కుటుంబాలకు నిన్నటి అలవాటు నేటి నేరంగా మారింది. 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ కలిసి గోదావరి మడ అడవులలో గ్రామస్థులతో పునరుద్ధరణ పని చేయించినప్పుడు, రక్షణకు ప్రజల భాగస్వామ్యం అవసరమనే ఆలోచన బలపడింది.

1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాత కార్యక్రమం తూర్పు తీరంలోని చిన్న మత్స్యకారుల పడవలను, బతుకులను అధ్యయనం చేస్తూ గోదావరి మొగల షూ దోనె కుటుంబాలను కూడా పట్టించుకొంది. తీరంలోని మత్స్యకారులలోనే వీరు వెనుకబడినవారని గుర్తించడం ఆ కార్యక్రమం చేసిన మేలు.

అదే కాలంలో రొయ్య ధర పెరిగింది. 1980ల చివర నుంచి తీరంలో రొయ్యల చెరువులు విస్తరించగా, హేచరీలు చాలినన్ని లేని రోజుల్లో ఉప్పుటేళ్ళలో పుట్టే టైగర్ రొయ్య పిల్లలను పట్టి చెరువులకు అమ్మడం మొగల్లోని ఆడవారికి, పిల్లలకు కొత్త పనిగా వచ్చింది. చేతిలో డబ్బు ఆడింది; కాని ఒక్క టైగర్ పిల్ల కోసం సన్న వలలో పడిన మిగతా జాతుల పిల్లలను పారవేయడం వల్ల ఏరు నష్టపోయింది. పర్రలు చెరువులుగా మారిన చోట్ల దోనెలు నిలిచే ఏటి కొసలు మూసుకుపోయాయి. 1996 డిసెంబరులో తీర ప్రాంత రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చినా, అప్పటికే మారిపోయిన నేల చాలావరకు వెనక్కు రాలేదు.

ఆ తీర్పుకు నెల ముందు, 1996 నవంబరు 6న, కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను గోదావరి మొగలను నేరుగా తాకింది. మరణించినవారి సంఖ్య వెయ్యికి పైగా ఉండగా, వారిలో ఏళ్ళలో, సముద్రంలో వేట మీద ఉన్న మత్స్యకారులు చాలామంది. మామూలు గాలివానకు మడ అడవి నడుమ సందులోకి దోనెను నెట్టి, చెట్లకు కట్టి కాచుకోవడం ఇక్కడివారి పాత పద్ధతి. పెద్ద ఉప్పెనకు అది చాలదు. తుపాను హెచ్చరిక రేడియోలో, ఊరి దండోరాలో వినిపిస్తుంది. ఊరికి దూరంగా ఏటి మలుపులో ఉన్నవారికి ఎవరైనా వెళ్ళి చెబితే తప్ప తెలియదు. ఆ తుపాను తరువాత తీర గ్రామాలలో తుపాను రక్షణ భవనాలు, పక్కా ఇళ్ళు కొంతమేర పెరగడంతో అనేక కుటుంబాలు పిల్లలను ఒడ్డున ఉంచి, వేటకు మాత్రమే పడవ ఎక్కే పద్ధతికి మారాయి. సెల్‌ఫోను వచ్చిన తరువాత హెచ్చరిక, ధర రెండూ పడవకు చేరడం మొదలైంది.

రేవు కూడా మారింది. 1997లో కాకినాడలో లోతు నీటి రేవు పని మొదలుపెట్టింది. ఓడ గోడకే ఆనుకొనే వీలు వచ్చాక లంగరు రేవు బార్జీల ప్రాధాన్యం తగ్గింది. కృష్ణా గోదావరి సముద్ర క్షేత్రంలో సహజవాయువు దొరకగా 2009లో గాడిమొగ దగ్గరి టెర్మినల్ నుంచి గ్యాసు పారడం ఆరంభమైంది. పైపులైన్లు, కాపలా హద్దులు, పెద్ద పడవల రాకపోకలు చిన్న దోనె తిరిగే నీటిని మరికొంత కుదించాయి. మొగల్లో పడవ కాపురాలు ఈనాటికీ పూర్తిగా అంతరించలేదు. కాని ఏడాది పొడవునా నీటి మీదనే గడిపే కుటుంబం నేడు అరుదు.

ఇతర తీరాలు

నేల మీద హక్కు లేకపోవడం పడవను ఇల్లుగా మార్చిన ఉదాహరణలు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. శ్రీనగర్‌లో డోగ్రా రాజులు బయటివారిని భూమి కొననివ్వలేదు గనుక పందొమ్మిదో శతాబ్దం చివర ఆంగ్లేయులు సరస్సు మీద హౌస్‌బోట్లు చేయించుకున్నారు. వాటిని నడిపిన హాంజీలు తరతరాలుగా డూంగా అనే కప్పు పడవలలో కాపురం ఉన్నవారే. హాంకాంగ్‌లోని అబెర్డీన్ రేవులో టాంకా అనే పడవ జనం శతాబ్దాల పాటు ఒడ్డువారి చేత తక్కువగా చూడబడుతూ నీటి మీద బతికారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో హాంకాంగ్ మొత్తంలో లక్షకు పైగా ఉన్న వారిని తరువాతి దశాబ్దాలలో ప్రభుత్వ గృహాలలోకి మార్చారు. అమ్‌స్టర్‌డామ్‌లో రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఇళ్ళ కొరత వల్ల కాలువల మీది పాత సరుకు పడవలు నివాసాలయ్యాయి. వాటికి నగరపాలన లంగరు స్థలాన్ని, చిరునామాను ఇచ్చింది.

గోదావరి మొగలకు అన్నిటికంటె దగ్గరి పోలిక ఇంగ్లండు సరుకు కాలువలది. రైళ్ళ పోటీ వల్ల కూలి తగ్గినప్పుడు అక్కడి పడవవాడు జీతగాణ్ణి మానిపించి భార్యాబిడ్డలను పడవ ఎక్కించాడు; కారణం గోదావరి దోనె మీది ఆర్థిక లెక్కే. జార్జ్ స్మిత్ అనే సంస్కర్త ఆందోళన ఫలితంగా 1877లో, 1884లో అక్కడి పార్లమెంటు కాలువ పడవల చట్టాలు చేసింది. వాటి ప్రకారం పడవను నివాసంగా నమోదు చేయాలి, ఎందరు ఉండవచ్చో నిర్ణయించాలి, ఆరోగ్య తనిఖీ జరగాలి, పిల్లల చదువుకు పడవ నమోదైన ఊరు బాధ్యత వహించాలి. అమలులో లోపాలు ఉన్నా, పడవ కూడా ఇల్లేనని చట్టం ఒప్పుకున్నది. భారతదేశంలో ఆంగ్ల ప్రభుత్వమే జనాభా లెక్కల రాత్రి రేవులలో, ఘాట్లలో పడవల మీది జనాన్ని విడిగా లెక్కించే ఏర్పాటు చేసింది. అయితే లెక్క దాటి హక్కు వరకు ఆ ఆలోచన పోలేదు.

విలువ కట్టడం

ఈ చరిత్రను రెండు విధాలుగా తప్పుగా చదివే ప్రమాదం ఉంది. కేరళలో 1990ల నుంచి పాత కెట్టువళ్ళాలు పర్యాటక నౌకలైనట్లు, కోనసీమలోని దిండిలోనూ పర్యాటకులకు హౌస్‌బోట్లు వచ్చాయి గనుక, నీటి మీది నివాసమంటే మనోహరమైన జీవనమని భావించడం మొదటి పొరపాటు. తాగునీరు మోసుకొనే, బిడ్డ నీటిలో జారకుండా కాలికి తాడు కట్టుకొనే బతుకును దృశ్యంగా చూడడం న్యాయం కాదు. ఆ బతుకును వెనుకబాటుతనంగా మాత్రమే చూసి, ఒడ్డున రెండు గదులు కట్టిస్తే సమస్య తీరిందనుకోవడం రెండవ పొరపాటు. పోటుపాట్లను, చేపల దారులను, మడ చెట్ల స్వభావాన్ని తెలిసిన పని పద్ధతి దాని వెనుక ఉంది. వేట స్థలానికి దూరంగా కట్టిన కాలనీ ఆ పనిని తీసివేసి దాని బదులు ఏమీ ఇవ్వదు.

రేషను, పింఛను, ఇంటి స్థలం, బడి, ఓటు, నష్టపరిహారం అన్నీ డోర్ నంబరుతో ముడిపడి ఉన్నంతకాలం, నంబరు లేని ఇంటిలో ఉండేవారు ప్రతి దానికీ ఆలస్యంగానే చేరతారు. ఈ ముడి విప్పరానిది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి రేషను బియ్యాన్ని రాష్ట్రంలో ఏ దుకాణంలోనైనా తీసుకొనే వీలు వచ్చింది. 2019లో అది రాష్ట్రాల సరిహద్దు కూడా దాటింది. మత్స్యకారుల పిల్లలకు గురుకుల పాఠశాలలు రాష్ట్రంలో ఇప్పటికే ఉన్నాయి. బియ్యం మనిషి వెంట కదలగలిగినప్పుడు తుపాను హెచ్చరిక, వైద్యం, గుర్తింపు కూడా కదలగలవు. దోనెను మత్స్యశాఖ పడవగా నమోదు చేస్తున్నట్లే నివాసంగా కూడా నమోదు చేయడం, భార్య పేరును భర్త పేరు పక్కన యజమానిగా చేర్చడం, వేట కాలంలో మొగ పల్లెల్లో పిల్లలకు వసతితో కూడిన బడి నడపడం కష్టసాధ్యమైన పనులు కావు. కోరంగి ఓడలకు, కాకినాడ రేవుకు, కాటన్ కాలువలకు చరిత్ర గ్రంథాలలో దొరికిన చోటు, అదే నీటి మీద అంతకంటె ఎక్కువకాలం నిలిచిన ఈ కాపురాలకు కూడా దక్కాలి. ఆ పనిని మొగ పల్లెల్లోని పెద్దవారు జీవించి ఉండగానే, వారి మాటలను నమోదు చేయడంతో మొదలుపెట్టడం తెలుగు చరిత్రకారుల బాధ్యత.